గుద్దింది వాళ్ళ కారు, నష్టం ఎవరు కట్టాలి?

రోడ్డు మీద రెండు బండ్లు గుద్దుకుంటే ముందు కేకలు వినపడతాయి. "నువ్వే అడ్డం వచ్చావు" అని ఒకరంటారు. "నీకు కళ్ళు లేవా" అని ఇంకొకరంటారు. జనం మూగుతారు. ఎవరో ఒక పెద్దమనిషి మధ్యలోకి వస్తాడు. "అయిందేదో అయింది, పోనీండి" అంటాడు. ఐదు వేలో, పది వేలో ఇప్పించి పంపేస్తాడు.

అలా తెగ్గొట్టుకోవడం సులువే. కానీ కాలు విరిగిన మనిషికి ఆ పది వేలు ఎన్నాళ్ళు వస్తాయి? ఎక్స్‌రేలకు, మందులకు, ఆస్పత్రికి పోయి రావడానికి నెల తిరగకుండానే అయిపోతాయి. ఆ తర్వాత అప్పే గతి. తప్పు వాళ్ళది, అప్పు మనది!

ఆ నష్టం కట్టాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. గుద్దిన బండికి బీమా చేసిన కంపెనీవాళ్ళు. ఈ సంగతి తెలియకనే చాలామంది పది వేలకు తల ఊపుతారు.

మూడో మనిషి ఎవరు?

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. రోడ్డెక్కే ప్రతి మోటారు బండికీ బీమా ఉండి తీరాలని ఆ చట్టం చెబుతుంది. స్కూటరు, ఆటో, కారు, లారీ, ట్రాక్టరు ఏదైనా సరే. బీమా లేకుండా నడిపితే మొదటిసారి 2 వేల రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

తప్పనిసరిగా ఉండాల్సిన ఈ బీమా బండి యజమాని బండి బాగు చేయించుకోవడానికి పనికిరాదు. ఆ బండి వల్ల నష్టపోయిన ఎదుటివాళ్ళ కోసమే అది. దీన్ని థర్డ్ పార్టీ బీమా అంటారు. థర్డ్ పార్టీ అంటే మూడో మనిషి. బండి యజమాని మొదటి మనిషి. బీమా కంపెనీ రెండోది. ఆ బండి కింద పడ్డవాళ్ళు, దాని దెబ్బకు బండి నుజ్జయినవాళ్ళు మూడో మనిషి. మూడో మనిషి పేరు పాలసీ కాగితంలో ఉండదు. ఒక్క పైసా ప్రీమియం కట్టి ఉండదు. అయినా ఆ డబ్బు అడిగే హక్కు ఆమెకు ఉంది.

ఇంకో రకం బీమా ఉంది. దాన్ని ప్యాకేజీ పాలసీ అనీ, పూర్తి బీమా అనీ అంటారు. ఇందులో ఎదుటివాళ్ళ నష్టంతో పాటు సొంత బండి రిపేరు ఖర్చు కూడా వస్తుంది. ప్రీమియం ఎక్కువ. ఇంట్లో బండి ఉన్నవాళ్ళు పాలసీ కాగితం తీసి, మీది ఏ రకమో, ఏ తేదీదాకా ఉందో ఇవాళే చదివి చూసుకోవచ్చు.

ఇలా జరిగిందనుకోండి

ఒకామె సంతలో కూరగాయలు అమ్ముతుంది. పొదుపు సంఘం అప్పు, బ్యాంకు అప్పు కలిపి ఆటో కొన్నది. ఆటో ఆర్‌సీ ఆమె పేరునే ఉంది. నడిపేది భర్త. ఒకరోజు సంత నుంచి తిరిగి వస్తూ ఆటోను రోడ్డు పక్కన ఆపారు. వెనక నుంచి ఒక కారు వచ్చి గుద్దింది. ఆటో వెనక భాగం నుజ్జయింది. ఆమెకు మోకాలి కింద ఎముక విరిగింది.

ఆ సమయంలో ఏం చేయాలి? ముందు మనిషిని చూసుకోవాలి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. 112కి చేస్తే పోలీసులు వస్తారు. అంబులెన్సు వచ్చేలోపు భర్త తిట్లతో కాలం గడపకుండా ఫోనుతో మూడు ఫొటోలు తీశాడు. ఒకటి కారు నెంబరు కనపడేలా. ఒకటి కారూ, ఆటో ఎక్కడివి అక్కడే ఉండగా. ఇంకొకటి రోడ్డంతా కనపడేలా. ఆటో రోడ్డు పక్కనే ఆగి ఉందని ఆ ఫొటో చెబుతుంది.

ఫోను లేకపోతే నెంబరు రాసుకోవాలి. కాగితం లేకపోతే అరచేతి మీద రాసుకున్నా సరే. మొదట రాష్ట్రం గుర్తు ఉంటుంది. ఏపీ, టీఎస్, టీజీ ఇలా. (తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అని వేస్తున్నారు.) ఒక్క అంకె తప్పు రాసినా ఇంకెవరి బండో అవుతుంది. నెంబరు సరిగా ఉంటే చాలు. ఆ కారు ఎవరిదో ఆర్టీఓ ఆఫీసు లెక్కల్లో దొరుకుతుంది. బీమా ఎప్పటిదాకా ఉందో ఫోనులో ఎం-పరివాహన్ యాప్‌లో నెంబరు కొట్టినా కనపడుతుంది.

చూసినవాళ్ళ పేరు, ఫోను నెంబరు కూడా అడిగి రాసుకోవాలి. అక్కడ టీ కొట్టు ఉంటే ఆ టీ కొట్టాయన సాక్ష్యం ఎంతో బలం. సాయం చేస్తే తమ మీదకు వస్తుందని జనం భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. దెబ్బ తగిలినవాళ్ళను ఆస్పత్రికి చేర్చినవాళ్ళ మీద కేసు పెట్టడానికి వీల్లేదని 2019లో చట్టంలోనే రాశారు. పేరు చెప్పమని వాళ్ళను బలవంతం చేయకూడదు కూడా.

ఆస్పత్రిలో ఒక్క మాట

ఆస్పత్రిలో డాక్టరు "దెబ్బ ఎలా తగిలింది?" అని అడుగుతారు. పోలీసు కేసు గొడవ మనకెందుకని కొందరు "మెట్ల మీంచి పడ్డాను" అంటారు. డాక్టరు అదే రాసుకుంటారు. తర్వాత కారు గుద్దిందని ఎంత మొత్తుకున్నా కంపెనీవాళ్ళు ఆ కాగితమే తీసి చూపిస్తారు. "నీ నోటితో నువ్వే చెప్పావు కదా" అంటారు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాలి. కారు గుద్దిందని చెప్పాలి. తెలిస్తే నెంబరు కూడా చెప్పాలి. అప్పుడు డాక్టరు మెడికో లీగల్ కేసు అని రాస్తారు. దాన్నే ఎమ్మెల్సీ అంటారు.

డబ్బు చేతిలో లేదని వైద్యం ఆపుకోనక్కర్లేదు. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలిన వాళ్ళకు, ఆ పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో, ప్రమాదం రోజు నుంచి 7 రోజుల దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేయాలి. ఒక్కొక్కరికి లక్షా 50 వేల రూపాయల దాకా. తప్పు ఎవరిదని కూడా చూడరు. ఆస్పత్రికి చేరగానే "ఇక్కడ ఆ పథకం ఉందా?" అని అడగాలి.

ప్రతి బిల్లు, ప్రతి మందుల చీటీ దాచాలి. ఎక్స్‌రే ఫిల్ములు పారేయకూడదు. ఆటో చార్జీలు, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంటే మంచిది.

రశీదు అన్నారు, కానీ...

మూడో రోజు కారు యజమాని ఆస్పత్రికి వచ్చాడు. యాపిల్ పళ్ళు తెచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, తప్పు నాదే. ఇదిగో ఇరవై వేలు. ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టండి. ఏం లేదు, ఉత్త రశీదే."

అంతకుముందు అయితే ఆమె వేలు చాచేది. ముద్ర వేసేది. ఇప్పుడు కాగితం చేతిలోకి తీసుకుంది. కూడబలుక్కుంటూ చదివింది. మొదటి రెండు లైన్లు డబ్బు సంగతే. మూడో లైను దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. "ఇందుతో నా నష్టమంతయు తీరినది. ఇకమీదట ఎట్టి కేసు గాని, క్లెయిము గాని చేయను" అని ఉంది.

"బాబూ, ఇది రశీదు కాదు కదా. రాజీ కాగితం. వైద్యం ఖర్చుకు ఇరవై వేలు ఇచ్చారని మాత్రమే రాయించండి. అప్పుడు పెడతాను" అంది.

ఆమె కోపంగా అనలేదు. డబ్బు వద్దనీ అనలేదు. చేతి ఖర్చుకు అవతలివాళ్ళు ఇస్తే తీసుకోవడంలో తప్పు లేదు. ఆ కాగితంలో ఏం రాసి ఉందన్నదే ముఖ్యం. ఇక తెల్ల కాగితం మీద సంతకం ఎవరు అడిగినా పెట్టకూడదు. కారు యజమాని అడిగినా, పోలీసు అడిగినా, ఆస్పత్రి గేటు దగ్గర "కేసు మేం చూసుకుంటాం" అని తిరిగే దళారీ అడిగినా.

పోలీసు స్టేషన్లో

ఫిర్యాదులో తేదీ, టైము, చోటు, కారు నెంబరు, కారు ఎటునుంచి వచ్చిందీ రాయాలి. పోలీసులు దాన్ని ఎఫ్ఐఆర్‌గా రాసుకుంటారు. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. "ఇది మా స్టేషన్ కిందకు రాదు" అని పంపేయకూడదు. ఏ స్టేషన్లోనైనా తీసుకుని, సంబంధించిన స్టేషన్‌కు వాళ్ళే పంపాలి. ఆడవాళ్ళను వాంగ్మూలం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. వాళ్ళున్న చోటికే వచ్చి తీసుకోవాలి.

2022 ఏప్రిల్ 1 నుంచి పోలీసులకు ఇంకో బాధ్యత ఉంది. ప్రమాదం సంగతి తెలిసిన 48 గంటల్లో మొదటి నివేదికను ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలి. బాధితుల హక్కులు రాసి ఉన్న ఫారం కూడా మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి. అడిగితే గానీ చాలాచోట్ల ఇవ్వరు.

ఆటో సంగతి ఏమిటి?

ఆటో ఆగితే తిండి ఆగుతుంది. బ్యాంకు కిస్తు మాత్రం ఆగదు. అందుకని ఈ పని త్వరగా కావాలి.

ఆమె ఆటోకు పూర్తి బీమా ఉంది కాబట్టి దగ్గర దారి ఒకటుంది. సొంత బీమా కంపెనీకే చెప్పడం. తప్పు ఎదుటివాళ్ళదైనా సరే, తన కంపెనీని రిపేరు డబ్బు అడగవచ్చు. ఆ కంపెనీ కావాలంటే తర్వాత అవతలివాళ్ళ దగ్గర రాబట్టుకుంటుంది. కంపెనీకి వెంటనే ఫోను చేయాలి. వాళ్ళిచ్చే క్లెయిము నెంబరు రాసుకోవాలి. అప్పుడు సర్వేయరు వచ్చి బండి చూస్తారు. సర్వేయరు చూడకముందే మెకానిక్ షెడ్డులో బండి విప్పిస్తే చిక్కు వస్తుంది. పాలసీ, ఆర్‌సీ, నడిపిన మనిషి లైసెన్సు, ఆటో పర్మిటు, ఫిట్‌నెస్ కాగితం చూపించాలి. ఏ ఒక్కటి గడువు దాటినా కంపెనీకి సాకు దొరికినట్టే.

రిపేరు బిల్లంతా రాదు. పాలసీలో రాసిన కొంత మొత్తం యజమానే పెట్టుకోవాలి. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు మామూలు పాలసీలో సగం ధరే లెక్క కడతారు. ఇంకొకటి కూడా ఉంది. ఏడాదంతా క్లెయిము చేయనివాళ్ళకు మరుసటి ఏడు ప్రీమియంలో సొంత బండి నష్టానికి కట్టే భాగంలో 20 శాతం తగ్గిస్తారు. ఏటేటా పెరిగి అది 50 శాతం దాకా పోతుంది. ఒక్కసారి క్లెయిము చేస్తే ఆ తగ్గింపు పోతుంది. చిన్న సొట్టకు క్లెయిము చేయాలా వద్దా అన్నది లెక్క వేసుకుని చూడాల్సిన సంగతి. నుజ్జయిన ఆటోకు మాత్రం ఆలోచించే పని లేదు.

థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే ఈ దారి ఉండదు. అప్పుడు కారు యజమానిని, ఆ కారు బీమా కంపెనీని ట్రిబ్యునల్‌లో అడగాలి. అది ఆలస్యమయ్యే పని. ఏ దారిన పోయినా ఒకే రిపేరుకు రెండు చోట్ల డబ్బు తీసుకోకూడదు.

విరిగిన కాలికి విలువ

మనిషికి తగిలిన దెబ్బకు డబ్బు ఇప్పించేది మోటారు ప్రమాదాల నష్టపరిహార ట్రిబ్యునల్. పేరు పెద్దదే గానీ మామూలుగా జిల్లా కోర్టులోనే ఉంటుంది. ప్రమాదం ఎక్కడో జరిగినా మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేయవచ్చు. గడువు మాత్రం 6 నెలలే. దసరాకు ప్రమాదం జరిగితే ఉగాది నాటికి దరఖాస్తు కోర్టులో ఉండాలి. కాలు నయమయ్యాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది.

ఏమేమి అడగవచ్చు? వైద్యం ఖర్చు, పోయిన రోజుల సంపాదన, తోడున్న మనిషి ఖర్చు, పడ్డ బాధ. కాలు పూర్తిగా రాకపోతే ముందుముందు తగ్గే సంపాదన కూడా అడగవచ్చు. దానికి మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తు వేసిన రోజు నుంచి వడ్డీ కూడా వేయవచ్చు.

"నీకు నెలకు ఎంత వస్తుంది? రుజువేది?" అని కంపెనీ లాయరు అడుగుతాడు. కూరగాయలమ్మే ఆమెకు జీతం చీటీ ఎక్కడిది? అయినా రుజువులు ఉంటాయి. మునిసిపాలిటీ ఇచ్చిన వ్యాపారి కార్డు, బ్యాంకు పుస్తకం, సంఘం పుస్తకంలో నెలనెలా కట్టిన పొదుపు, అన్నీ పనికొస్తాయి. ఏ కాగితమూ లేకపోతే కనీస కూలి రేటు చూసి కోర్టు లెక్క కట్టవచ్చు.

బయట పని చేయని ఇల్లాలికి దెబ్బ తగిలితే? "ఆమెకు సంపాదన ఏముంది?" అని ఇంట్లోవాళ్ళే అంటారు. కోర్టు అలా అనలేదు. జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన ఒక అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లాలు ఇంట్లో చేసే పనికి నెలకు 3 వేల రూపాయలు విలువ కట్టింది. తర్వాత ఢిల్లీలో ఒక జంట మోటారు సైకిల్ మీద పోతుంటే కారు గుద్దింది. 2014లో. ఇద్దరూ చనిపోయారు. భార్య ఉద్యోగం చేయలేదు. ఆమె పనికీ విలువ కట్టాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో ప్రభుత్వం చేసిన లెక్కను ఆ తీర్పులో చూపించింది. జీతం లేని ఇంటి పని ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు చేస్తున్నారు. అంటే దాదాపు 5 గంటలు. మగవాళ్ళు 97 నిమిషాలు. వంట, నీళ్ళు, గిన్నెలు, బట్టలు, ఇవన్నీ ఆ 5 గంటల్లోవే. అందుకని దరఖాస్తులో "పనీపాటా లేదు" అని ఎవరైనా రాస్తే ఒప్పుకోకూడదు. "ఇంటి పని" అని రాయించాలి.

ఈలోగా కంపెనీవాళ్ళే "ఇంత ఇస్తాం, తీసుకోండి" అని రావచ్చు. తప్పు రుజువు చేయకుండానే ఇచ్చే ఒక మొత్తం చట్టంలో ఉంది. చనిపోతే 5 లక్షలు, పెద్ద దెబ్బ తగిలితే 2 లక్షల 50 వేలు. త్వరగా వస్తుంది. ఎముక విరగడం పెద్ద దెబ్బ కిందకే వస్తుంది. కానీ ఆ డబ్బు తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన కేసు పోతుంది. కాలు నయమై మళ్ళీ సంతకు పోగలిగితే ఆ డబ్బే మేలు కావచ్చు. కాలు జన్మకు రాకుండా పోతే అది చాలదు. డాక్టరు మాట విన్నాక, లాయరును అడిగాక సంతకం పెట్టాలి.

లాయరుకు డబ్బెక్కడిది?

ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతుంది. ఆదాయం ఎంతని అడగరు. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కి ఫోను చేసినా చెబుతారు. సొంతంగా లాయరును పెట్టుకున్నా, "వచ్చినదాంట్లో నాకింత వాటా" అని లాయరు బేరం పెట్టకూడదు. ఇది బార్ కౌన్సిల్ నియమం. ఈ నియమం తెలియక మూడో వంతు ముట్టజెప్పినవాళ్ళు ఊరికొకరుంటారు.

లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటారు. త్వరగా తేలుతుంది. అయితే అక్కడ ఒప్పుకుంటే మళ్ళీ అప్పీలు లేదు. మొత్తం ఎంతో కాగితంలో చదువుకున్నాకే ఒప్పుకోవాలి.

మన తప్పు కూడా కొంత ఉంటే?

అప్పుడు ఆ మేరకు తగ్గిస్తారు. ఆటో రోడ్డు మధ్యలో ఆపి ఉంటే, రాత్రి వెనక దీపం వెలగకపోతే, కంపెనీ లాయరు దాన్ని వదలడు. ముగ్గురు ఎక్కే ఆటోలో ఎనిమిది మందిని కుక్కినా గుచ్చి గుచ్చి అడుగుతాడు. అబద్ధం చెబితే మిగతా నిజాలను కూడా నమ్మరు.

అవతలి కారుకు బీమా లేకపోతే కారు యజమానే కట్టాలి. రాబట్టడం కష్టం గానీ హక్కు మాత్రం పోదు. గుద్ది ఆగకుండా పోయిన బండి దొరకకపోతే ప్రభుత్వ పథకం కింద డబ్బు ఇస్తారు. చనిపోతే 2 లక్షలు, పెద్ద దెబ్బకు 50 వేలు. 2022 ఏప్రిల్‌కు ముందు ఇవి 25 వేలు, 12 వేల 500 మాత్రమే. దీనికి దరఖాస్తు ఆర్డీఓ ఆఫీసులో గానీ, తహసీల్దారు ఆఫీసులో గానీ అడగాలి.

ట్రిబ్యునల్ ఇప్పించే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. కొంత ఖాతాలో వేసి, కొంత డిపాజిట్‌గా ఉంచమని జడ్జి చెప్పవచ్చు. దెబ్బ తగిలింది ఆమెకు కాబట్టి దరఖాస్తులో ఇచ్చే ఖాతా నెంబరు ఆమెదే కావాలి. భర్తదీ కాదు, బావగారిదీ కాదు. ఖాతా లేకపోతే దరఖాస్తు వేసే ముందే తెరుచుకోవాలి. ఆధార్ మీద, ఆర్‌సీ మీద, బ్యాంకు పుస్తకం మీద పేరు ఒకే రకంగా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోవాలి. ఒకచోట "అమ్మ" అని, ఇంకోచోట "దేవి" అని ఉంటే డబ్బు చేతికొచ్చే ముందు మళ్ళీ నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.